మేత బీళ్లూ సౌర ఫలకాలూ

బొగ్గు, ముడిచమురు వంటి ఇంధనాలు కోట్ల సంవత్సరాల నాటి ఎండను భూగర్భం కుదించి దాచిపెట్టిన నిల్వలు కాబట్టి, ఒక గని నుంచి ఒక మహానగరానికి సరిపడే శక్తిని తవ్వి తీయడం సాధ్యమైంది. ఎండా గాలీ అలాంటివి కావు. అవి ఏ రోజుకారోజు నేలంతటా పలచగా పరచుకొని వస్తాయి, వాటిని పట్టుకొనే యంత్రాలను కూడా అంతే విశాలంగా పరచవలసి వస్తుంది. ఈ పలచదనాన్ని కొలిచే ప్రమాణాన్ని స్థల శక్తి సాంద్రత అనవచ్చు: ఒక విద్యుత్ కేంద్రం ఆక్రమించిన నేలలో ప్రతి చదరపు మీటరుకు, పగలూ రాత్రీ, ఎండాకాలమూ వానాకాలమూ అన్నీ కలుపుకొని, సగటున ఎన్ని వాట్ల విద్యుత్తు లభిస్తుందన్నదే దాని అర్థం. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మెకే 2008లో వెలువరించిన గ్రంథంలో ఈ కొలమానం ఆధారంగా తన దేశపు ఇంధన భవిష్యత్తును లెక్కగట్టి చూపించిన తరువాత, పునరుత్పాదక ఇంధనం గురించి గంభీరంగా మాట్లాడదలచినవారెవరికీ నేల ప్రస్తావనను దాటవేయడం సాధ్యం కాలేదు.

నడినెత్తిన ఉన్న మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తిని మోసుకొస్తుంది. అందులో ఇంచుమించు ఐదో వంతును మాత్రమే నేటి సాధారణ సిలికాన్ ఫలకాలు విద్యుత్తుగా మార్చగలవు. రాత్రి వేళలు, ఉదయ సాయంకాలాల ఏటవాలు కిరణాలు, మబ్బులు, దుమ్ము, ఒక వరుస నీడ మరో వరుసపై పడకుండా విడిచే ఎడం, దారులు, సబ్‌స్టేషన్లు, ఇవన్నీ తీసివేయగా మిగిలేది చాలా తక్కువ. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల పరిధిలో 2017లో పూర్తయిన అతి భారీ సౌర పార్కు స్థాపిత సామర్థ్యం, అంటే ఎండ నిండుగా ఉన్నప్పుడు అది ఇవ్వగల గరిష్ఠ ఉత్పత్తి, 1000 మెగావాట్లు. అది పరచుకొన్న నేల 5,932 ఎకరాలు, అంటే సుమారు 24 చదరపు కిలోమీటర్లు. ఏడాది సగటు ఉత్పత్తి స్థాపిత సామర్థ్యంలో ఐదో వంతు ఉంటుందని తీసుకొంటే చదరపు మీటరుకు దక్కేది 8 వాట్లు, పాత కాలపు చిన్న ట్యూబులైటుకైనా చాలని శక్తి. గాలిమరల విషయంలో ఈ అంకె ఇంకా చిన్నది, చదరపు మీటరుకు 2 వాట్ల ప్రాంతంలో ఉంటుంది. కాకపోతే రెండు మరల మధ్య నేల సేద్యానికీ మేతకూ చాలావరకు తెరిచే ఉంటుంది కనుక ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదు.

ఇదే లెక్కను దేశమంతటికీ విస్తరిస్తే కనిపించే చిత్రం మొదట ధైర్యాన్నిస్తుంది. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారతదేశం 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యాన్ని సాధిస్తానని ప్రకటించింది. అందులో 3 లక్షల మెగావాట్లు నేల మీద పరచిన సౌర ఫలకాల నుంచే వస్తుందనీ, మెగావాటుకు 5 ఎకరాలు కావాలనీ అనుకొంటే, మొత్తం 15 లక్షల ఎకరాలు, అంటే సుమారు 6,000 చదరపు కిలోమీటర్లు అవసరమవుతాయి. దేశ విస్తీర్ణంలో ఇది వెయ్యింట రెండు వంతులైనా కాదు. కానీ సౌర పార్కులు దేశమంతటా సమానంగా చల్లుకొని రావు, ఎండ ఎక్కువగా, భూమి చౌకగా, జనం పలచగా ఉన్న కొద్ది జిల్లాల్లోనే పోగుపడతాయి. ఆ 6,000 చదరపు కిలోమీటర్లను ఉమ్మడి అనంతపురం జిల్లాతో పోల్చి చూస్తే జిల్లాలో మూడో వంతుకు దగ్గరవుతుంది. జాతీయ సగటులో కనిపించని భారం గ్రామం పటంలో కొండంతగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ భారాన్ని చెప్పేటప్పుడు బొగ్గు లెక్కను దాచిపెట్టడం న్యాయం కాదు. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 0.7 కిలోల బొగ్గు కాల్చవలసి ఉంటుంది కనుక, పైన చెప్పిన 1000 మెగావాట్ల పార్కు ఏటా దాదాపు 12 లక్షల టన్నుల బొగ్గును భూమిలోనే ఉండనిస్తుంది. ఆ బొగ్గును తీసే ఉపరితల గనులు గోదావరి లోయలో అడవులనూ ఊళ్లనూ ఎంతగా మింగాయో తెలంగాణ పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. సౌర పార్కు ఒకే నేలపై పాతికేళ్లు పనిచేస్తుంటే గని మాత్రం ఏటేటా కొత్త నేల వైపు జరుగుతూనే ఉంటుంది. వాతావరణం వేడెక్కితే మొదట ఎండేదీ రాయలసీమ వంటి కరువు నేలలే. కాబట్టి ఈ అధ్యాయంలో వాదన సౌర, పవన విద్యుత్తు కావాలా వద్దా అన్నది కాదు, వాటిని ఎక్కడ, ఎవరిని అడిగి, ఏ రూపంలో నెలకొల్పాలన్నదే.

రాయలసీమ ఈ ప్రశ్నకు కేంద్రం కావడానికి భౌగోళిక కారణాలున్నాయి. పడమటి కనుమల వానచాటు ప్రాంతం కావడంతో ఇక్కడ మబ్బులేని రోజులు ఎక్కువ, చదరపు మీటరుకు రోజూ సగటున 5 యూనిట్లకు మించిన సౌరశక్తి అందుతుంది. వాన ఇవ్వకుండానే దాటిపోయే నైరుతి గాలులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండ వరుసల మీదుగా బలంగా వీస్తాయి. గాలిలోని శక్తి దాని వేగపు ఘనానికి అనులోమంగా ఉంటుందన్నది పవన విద్యుత్తుకు మూలసూత్రం: వేగం సెకనుకు 5 మీటర్ల నుంచి 6 మీటర్లకు పెరిగితే, అంటే ఐదో వంతు మాత్రమే పెరిగితే, శక్తి 70 శాతానికి మించి పెరుగుతుంది. మైదానంలో చెట్లూ ఇళ్లూ గాలిని అడ్డగిస్తాయి, కొండ కొమ్ము మీద అదే గాలి ఒత్తిడికి గురై వేగం పుంజుకొంటుంది. అందుకే రామగిరి మొదలుకొని ఉమ్మడి అనంతపురం జిల్లాలో గాలిమరలు గుట్టల నెత్తిన వరుసలు తీరాయి. అయితే కొండ కొమ్ము గాలికి ఉత్తమ స్థానమైనట్టే నీటికి కూడా మొదటి మెట్టు, చిక్కంతా అక్కడే ఉంది.

గాలిమర పునాదికి పట్టే నేల చిన్నదే, కానీ ఆ స్తంభాన్నీ, పదుల మీటర్ల పొడవున్న రెక్కలనూ, వాటిని నిలబెట్టే భారీ క్రేన్‌నూ కొండ పైకి చేర్చాలంటే మలుపులు సులువుగా తిరిగేంత వెడల్పాటి దారి, నిటారు కాని వాలుతో, గుట్ట చుట్టూ తొలచవలసి వస్తుంది. తొలచిన మట్టీ రాయీ కింది వాలులోకి తోసేస్తే పొదలూ గడ్డీ వాటి కింద కప్పబడిపోతాయి; అంతకుముందు గడ్డి వేళ్ల మధ్య ఇంకుతూ నెమ్మదిగా దిగిన వాన నీరు ఇప్పుడు దారి వెంట కాలువ కట్టి వేగంగా పరుగెత్తి, మట్టిని కోసుకొని వంకల్లోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి చేరుతుంది. రాయలసీమలో చెరువు కింది సేద్యం ఒక చెరువు అలుగు పారితే దిగువ చెరువు నిండే గొలుసుకట్టు ఏర్పాటు మీద శతాబ్దాలుగా నడిచింది. సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉన్న అనంతపురం వంటి నేలలో, పై గుట్టను కోస్తే కింది చెరువు పూడిపోవడం ఒక పర్యావరణ సూక్ష్మంగా మిగలదు, బావుల్లో నీటిమట్టంగా ఊరివారికి అనుభవంలోకి వస్తుంది.

ఇది ఊహాత్మకమైన ప్రమాదం కాదనడానికి కల్పవల్లి అడవి ఉదాహరణ చాలు. నేటి శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల సరిహద్దు గుట్టల్లో, 1990ల తొలినాళ్లలో ముష్టికోవెల గ్రామంతో మొదలుపెట్టి, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల పల్లెల ప్రజలు బోడిగుట్టలను కాపాడుకోవడం ప్రారంభించారు. వారు నాటినది కొంతే, ఎక్కువ భాగం నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా కాచినందువల్ల వేళ్ల నుంచి దానంతటదే చిగిర్చినది. ఏళ్లు గడిచే కొద్దీ వంకల వెంట ఈత చెట్లు తిరిగి వచ్చాయి, గుడిసెలకు కప్పే బోద గడ్డి పెరిగింది, తోడేళ్లూ చిరుతలూ ఎలుగుబంట్లూ మళ్లీ సంచరించసాగాయి, ఏడు వేల ఎకరాలకు మించిన ఆ అడవి గడ్డి మీద వేల గొర్రెలు ఆధారపడ్డాయి. ప్రభుత్వ రికార్డులో మాత్రం అది అటవీ శాఖ భూమి కాదు, రెవెన్యూ శాఖ బంజరు. ఆ కారణంగా సుమారు 50 మెగావాట్ల గాలిమరల ప్రాజెక్టుకు ఆ గుట్టల పైభాగాలు కేటాయించినప్పుడు, అటవీ భూమిని మళ్లించేటప్పుడు పాటించవలసిన అనుమతుల క్రమం ఏదీ వర్తించలేదు, రెండు దశాబ్దాలు అడవిని పెంచిన పల్లెల సమ్మతికి చట్టంలో చోటు లేకపోయింది. గుట్టలపై దారులు తొలిచారు. కోత, మేత నష్టం, వాగుల ధార మార్పు గురించి ఊరివారు ఫిర్యాదు చేశారు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. స్వచ్ఛమైన విద్యుత్తు కోసం, ప్రజలు స్వయంగా పెంచుకొన్న అడవిని కోయవలసి రావడం ఈ రంగంలో జరిగిన అత్యంత విచారకరమైన పొరపాట్లలో ఒకటి. అదే గాలి వీచే, అంత పచ్చదనం లేని గుట్టలు ఆ జిల్లాలో కొదవ లేనప్పుడు అది మరింత బాధాకరం.

ఇటువంటి పొరపాటుకు మూలం భూమి రికార్డు తీరులో ఉంది. శిస్తు వచ్చే పొలాన్ని ఒక వైపు, శిస్తు రాని నేలనంతా మరో వైపు పెట్టిన వలస పాలన నాటి పద్ధతి ఇప్పటికీ పోరంబోకు, బంజరు, గయాళు వంటి వర్గాల రూపంలో కొనసాగుతున్నది. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా రూపొందించే బంజరు భూముల అట్లాసు 2019 కూర్పు ప్రకారం దేశంలో సుమారు 5.58 కోట్ల హెక్టార్లు, అంటే 16.96 శాతం నేల, ఈ కోవలోకి వస్తుంది. ఆ జాబితాలో నిజంగా రాయీ ఇసుకా తప్ప ఏమీ లేని నేలతో పాటు పొదలున్న భూములూ, క్షీణించిన మేత బీళ్లూ కూడా ఉన్నాయి. ఉపగ్రహం గడ్డిని చూడగలదు గాని, ఆ గడ్డి మీద ఏ నెలలో ఎవరి మంద మేస్తుందో చూడలేదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి. ఆ మందల్లో అధిక భాగం సొంత పొలం లేని లేదా తగినంత లేని కురుబ, గొల్ల కుటుంబాలవి, అవి బతికేది బీళ్ల మీదే. పంట కోసిన తరువాత రైతులు గొర్రెల మందను పొలంలో రాత్రుళ్లు నిలిపించుకొని, ఎరువుకు బదులుగా కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చే ఆచారం ఉన్నందున, బీడు పోతే మంద తగ్గుతుంది, మంద తగ్గితే పొలానికి ఎరువు తగ్గుతుంది. రికార్డులో ఖాళీగా కనిపించే నేల ఊరి ఆర్థిక వ్యవస్థలో ఎన్ని ముడులతో అల్లుకొని ఉందో తెలియడానికి ఇంతకంటే వివరం అక్కరలేదు.

చట్టం కూడా ఈ ఖాళీ భావననే బలపరిచింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో సౌర ఫలకాల కేంద్రాలకూ గాలిమరలకూ చోటు లేదు, అంటే వేల ఎకరాల పార్కుకైనా ముందస్తు అధ్యయనమూ, బహిరంగ విచారణా తప్పనిసరి కావు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలను రంగులుగా విభజించినప్పుడు ఈ రెండూ కాలుష్యం లేనివిగా భావించే తెల్ల వర్గంలో చేరాయి. పొగ లెక్కన చూస్తే ఆ వర్గీకరణ సమంజసమే. నేల లెక్కన చూస్తే మాత్రం, 1000 మెగావాట్ల పార్కునూ ఇంటి కప్పు మీది నాలుగు ఫలకాలనూ ఒకే గాటన కట్టినట్టయింది.

పక్షుల విషయంలో ఈ నిర్లక్ష్యానికి చెల్లించిన మూల్యం బాగా నమోదైంది. బట్టమేక పిట్ట గడ్డి మైదానాలలో నేల మీద గుడ్లు పెట్టే, 15 కిలోల దాకా తూగగల భారీ పక్షి. కళ్లు తలకు పక్కలకు ఉన్నందున ఎదురుగా ఉన్న వస్తువు దానికి సరిగా కనిపించదు, కనిపించినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు, కాబట్టి హైటెన్షన్ తీగలు దానికి మృత్యుపాశాలయ్యాయి. దేశంలో ఇక మిగిలినవి 150కి లోపేనని అంచనా, వాటిలో దాదాపు అన్నీ రాజస్థాన్ థార్ ఎడారిలో, అంటే దేశంలో ఎండ చాలా అధికంగా ఉండి సౌర పార్కులు గుమిగూడిన చోటే ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సుమారు 99,000 చదరపు కిలోమీటర్ల పరిధిలో తీగలను వీలైనంతవరకు భూమిలో వేయాలని ఆదేశించింది. అంతటి విస్తీర్ణంలో అది సాంకేతికంగా అసాధ్యమని ప్రభుత్వం వాదించిన మీదట, 2024 మార్చి 21న కోర్టు ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల సంఘానికి అప్పగిస్తూ, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల నుంచి వచ్చే హక్కుగా గుర్తించింది. ఒక పక్షి మనుగడా, కోట్ల మనుషుల వాతావరణ హక్కూ ఒకే త్రాసులో తూగవలసి రావడానికి కారణం, తీగల దారులను గీసేటప్పుడు పక్షుల పటాన్ని ఎవరూ పక్కన పెట్టుకోకపోవడమే. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పిట్ట కోసమే ప్రకటించారు. అక్కడ ఆ పిట్ట కరువు కావడానికి గాలిమరలు కారణం కావు, సాగునీటి రాకతో చుట్టూ పంటల తీరు మారడం ముఖ్య కారణాలలో ఒకటి. అయినా కృష్ణజింకలకూ నేల నెమళ్లకూ నెలవైన ఆ గడ్డి నేల, గని గ్రామపు సౌర పార్కు ఉన్న ప్రాంతానికి అంత దూరమేమీ కాదు గనుక, ఇకముందు వేసే ప్రతి తీగా ఈ చరిత్రను దృష్టిలో పెట్టుకొని సాగాలి.

తీగలకు తగిలి చచ్చే పక్షులను లెక్కించడం తేలిక, తగలకుండానే మారిపోయే జీవావరణాన్ని గుర్తించడం కష్టం. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మరియా థాకర్, ఆమె సహచరులు మహారాష్ట్రలోని చాల్కేవాడి పీఠభూమిపై చేసి 2018లో ప్రకటించిన పరిశోధన ఈ కారణంగా ప్రత్యేకంగా చెప్పుకోదగినది. గాలిమరలున్న చోట డేగల వంటి వేటపక్షులు మరలు లేని చోటుతో పోలిస్తే దాదాపు నాలుగింతలు అరుదుగా ఉన్నాయి. వేటగాళ్లు తగ్గినందున అక్కడి తొండల సంఖ్య పెరిగింది, వాటి రక్తంలో ఒత్తిడి హార్మోను తగ్గింది, మనిషి దగ్గరికి వచ్చినా పారిపోయే తొందర వాటిలో సన్నగిల్లింది. ఆహార శృంఖలలో పై మెట్టును కదిపితే కింది మెట్లన్నీ కదులుతాయనీ, గాలిమర తానే ఒక అగ్ర వేటజంతువులా ప్రవర్తిస్తున్నదనీ ఆ బృందం నిర్ధారించింది. ఈ స్థాయి అధ్యయనం రాయలసీమ గుట్టలపై కూడా జరగడం అత్యవసరం.

సౌర పార్కులు చేసే మార్పు ఇంతకంటే నిశ్శబ్దమైనది. ఫలకాల వరుసలకు నేలను చదును చేసినప్పుడు చిన్న చిన్న గట్లూ వంకలూ చెరిగిపోతాయి, గడ్డి పెరగకుండా చూసేందుకు పైమట్టిని గీకేస్తారు, చుట్టూ కంచె వేయడంతో మందలు నడిచే పాత దారులు మూసుకుపోతాయి. గడ్డి చల్లబరిచే పని ఆగిపోవడంతో నేల స్వభావమూ మారుతుంది. అమెరికాలోని అరిజోనాలో 2016లో ప్రకటితమైన ఒక అధ్యయనం, పరిసర ప్రకృతి నేలతో పోలిస్తే సౌర కేంద్రంలో రాత్రి ఉష్ణోగ్రత 3 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉందని తేల్చింది. దుమ్ము పట్టిన ఫలకాలను కడగడానికి నీళ్లు కావాలి, ఆ నీళ్లు బోర్ల నుంచే రావాలి; నీళ్లు లేకుండా కుంచెలతో తుడిచే యంత్రాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నందున, కరువు జిల్లాల్లో వాటిని తప్పనిసరి చేయకపోవడానికి తగిన కారణమేదీ కనిపించదు.

నేల సమస్యను కొనుగోలు ద్వారా గాక కౌలు ద్వారా పరిష్కరించవచ్చని అనంతపురం సరిహద్దుకు ఆనుకొనే ఉన్న, తెలుగు విస్తారంగా మాట్లాడే కర్ణాటక పావగడ ప్రాంతం చూపించింది. తిరుమణి తదితర ఐదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాలను రైతుల నుంచి ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలై క్రమంగా పెరిగే కౌలుకు తీసుకొని, 2019 చివరికి 2,050 మెగావాట్ల పార్కును పూర్తి చేశారు. వేరుశనగ ఎండిపోయి అప్పు మిగిలే చోట ఖాయంగా వచ్చే కౌలు రైతుకు గొప్ప ఊరట, భూమి యాజమాన్యం కూడా అతనికే మిగులుతుంది. భూమిని ఒక్కసారిగా వదులుకొన్న చోట్లతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. అయితే కౌలు అందేది పట్టా ఉన్నవారికే. అదే పొలంలో కలుపు తీసి కూలి తెచ్చుకొన్న స్త్రీకీ, కోత తరువాత మంద మేపుకొన్న కాపరికీ ఆ ఒప్పందంలో పేరు లేదు, కేంద్రం కట్టడం పూర్తయ్యాక మిగిలే ఉద్యోగాలు కాపలా, ఫలకాల శుభ్రత వంటి కొద్ది పనులే. శ్రీసత్యసాయి జిల్లా నంబులపూలకుంట సౌర పార్కు వంటి చోట్ల అసైన్డ్ భూములూ, పట్టా లేకుండా తరాలుగా దున్నుకొంటున్న భూములూ కలగలిసి ఉన్నందువల్ల నష్టపరిహారం ఎవరికి చెందాలన్నదే వివాదమైంది.

పల్లె దృశ్యాన్ని అందం కోణంలో కాపాడాలన్న వాదన ఐరోపాలో బలంగా వినిపిస్తుంది. ఇంగ్లండులో 2015లో తెచ్చిన ప్రణాళికా నిబంధనల వల్ల నేల మీద కొత్త గాలిమరలు దాదాపు ఆగిపోయి, 2024 జులైలో గాని ఆ ఆంక్ష తొలగలేదు. అందం పేరిట తొమ్మిదేళ్లు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. జర్మనీ మరో దారి పట్టింది: 2022లో చేసిన చట్టం ప్రకారం 2032 నాటికి దేశ విస్తీర్ణంలో 2 శాతం నేలను గాలిమరల కోసం రాష్ట్రాలవారీగా ముందే గుర్తించి ప్రకటించాలి. ఎక్కడ కట్టవచ్చో ముందే తేల్చితే ఎక్కడ కట్టకూడదో కూడా ముందే తేలుతుంది, ప్రతి గుట్ట మీదా విడివిడిగా పోరాడవలసిన అగత్యం రెండు పక్షాలకూ తప్పుతుంది. 2024 అక్టోబరులో ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానంలో ఆంధ్రప్రదేశ్ 160 గిగావాట్లకు మించిన లక్ష్యం పెట్టుకొన్నందున, ఈ క్రమం ఇక్కడ మరింత అవసరం.

భారీ పార్కు ఒక్కటే మార్గమనుకోవడం కూడా సరికాదని తెలంగాణ అనుభవం చెబుతుంది. 2015 టెండర్లలో ఆ రాష్ట్రం సుమారు 2,000 మెగావాట్లను ఒక్క చోట పోగు చేయకుండా, సబ్‌స్టేషన్ల వారీగా వివిధ జిల్లాలకు పంచింది. విద్యుత్తు వాడే చోటికి దగ్గరలోనే పుట్టడం వల్ల పంపిణీ నష్టం తగ్గుతుంది, చిన్న కేంద్రానికి చిన్న నేల చాలు గనుక ఏ ఒక్క ఊరి బీడంతా పోయే స్థితి రాదు. రామగుండంలో థర్మల్ కేంద్రపు జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రానికి నేల అసలే అక్కరలేకపోయింది, పైగా ఫలకాల నీడలో నీటి ఆవిరి నష్టం తగ్గుతుంది. ఇళ్ల కప్పులు, గోదాములు, మూతపడిన ఉపరితల గనులు, కాలువ గట్లు, ఇవన్నీ బీడు జోలికి వెళ్లకముందే వాడుకోదగిన చోట్లు. వీటిలో ఖర్చు కొంత ఎక్కువన్నది నిజం, ఇవి మాత్రమే మొత్తం అవసరాన్ని తీర్చలేవన్నదీ నిజం. కానీ భారీ పార్కు చౌక అని చెప్పే లెక్కలో కోల్పోయిన మేత, పూడిన చెరువు ఖరీదు చేరలేదన్నది కూడా అంతే నిజం.

ఒకే నేలలో పంటనూ విద్యుత్తునూ కలిపి తీసే పద్ధతికి వ్యవసాయ సౌర విధానమని పేరు. జర్మన్ శాస్త్రవేత్తలు అడాల్ఫ్ గోయెట్జ్‌బెర్గర్, ఆర్మిన్ జాస్ట్రో 1980ల తొలినాళ్లలోనే, ఫలకాలను ఎత్తుగా, ఎడంగా నిలిపితే వాటి కింద బంగాళదుంప పండించవచ్చని ప్రతిపాదించారు. దీని వెనుక ఉన్న వృక్షశాస్త్ర సూత్రం ఏమిటంటే, ఆకు ఒక స్థాయికి మించిన వెలుతురును కిరణజన్య సంయోగక్రియకు వాడుకోలేదు, ఆ మిగులు వెలుతురు ఆకును వేడెక్కించి నీటిని ఆవిరి చేయడానికే పనికొస్తుంది. జొన్న, సజ్జ వంటి పంటలు మిక్కిలి ఎండను కూడా వాడుకోగలవు గాని, వేరుశనగ, టమాట, మిరప వంటివి అంతకంటే ముందే తృప్తి చెందుతాయి. అరిజోనా పరిశోధకులు 2019లో ప్రకటించిన ఫలితాల్లో, ఫలకాల నీడలో ఒక అడవి మిరప రకం మూడింతలు, టమాట రెట్టింపు కాసింది, నేలలో తడి ఎక్కువ సేపు నిలిచింది, మొక్కలు వదిలే తేమ వల్ల ఫలకాలు కూడా చల్లబడి మెరుగ్గా పనిచేశాయి. మదనపల్లె టమాట, అనంతపురం వేరుశనగ పండే నేలల వాతావరణం ఆ శుష్క ప్రాంతానికి కొంతవరకు దగ్గర గనుక, ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రాలు ఈ ప్రయోగాన్ని విస్తారంగా చేపట్టవలసి ఉంది. ఎత్తైన ఇనుప చట్రాల ఖర్చు భరించలేనిచోట మరో సులువైన మార్గముంది: ఫలకాల కింద గడ్డిని పెరగనిచ్చి, కంచెకు గేట్లు పెట్టి, గొర్రెలను మేయనివ్వడం. ఇతర దేశాల్లో ఇది వాడుకలోకి వచ్చింది. ఫలకాల మీదికి ఎగబాకే మేకలను మాత్రం మందలోంచి వేరు చేయాలి. గడ్డి కోసే ఖర్చు సంస్థకు తగ్గుతుంది, కాపరికి బీడు పూర్తిగా పోదు.

ఎండ సాయంత్రానికి ఆగిపోతుంది, విద్యుత్ వాడకం అప్పుడే పెరుగుతుంది, కాబట్టి నిల్వ కావాలి. పగటి మిగులు విద్యుత్తుతో నీటిని పై జలాశయానికి ఎత్తి, రాత్రి దాన్ని కిందికి వదిలి టర్బైన్లు తిప్పే పంప్డ్ స్టోరేజీ పద్ధతిలో, పెట్టిన విద్యుత్తులో 75 నుంచి 80 శాతం తిరిగి వస్తుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టును నదికి అడ్డంగా గాక, నదికి దూరంగా రెండు జలాశయాల మధ్యే నీరు తిరిగేలా రూపొందించారు. నది ప్రవాహాన్ని అడ్డగించకపోవడం దీని గొప్ప గుణం. అదే పద్ధతిని అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లో ఎర్రవరం, కురుకుట్టి, కర్రివలస వంటి చోట్ల ప్రతిపాదించినప్పుడు ఆదివాసీలు అభ్యంతరం చెప్పారు. అవి రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాలకు వర్తించే ఐదో షెడ్యూలు పరిధికి సంబంధించిన ప్రశ్నలు. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకిచ్చిన అధికారాన్నీ, గిరిజన ప్రాంత భూములపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పునూ దాటి, హరిత ఇంధనం పేరున అక్కడ అడుగు పెట్టడం అనుచితం.

ఇంతవరకు చూసిన ఉదాహరణలన్నిటిలో యంత్రం తప్పు ఎక్కడా లేదు, స్థలం ఎంచిన తీరులోనే తప్పు ఉంది. స్థలాన్ని ఎంచేటప్పుడు ఎండ, గాలి, భూమి ధర, సబ్‌స్టేషన్ దూరం అన్న పటాలతో పాటు చెరువుల పరీవాహక పటం, మందల దారుల పటం, పక్షుల పటం కూడా పరచి, అన్నిటినీ ఒకదానిపై ఒకటి ఉంచి చూసే సాంకేతిక సామర్థ్యం ఈ దేశానికి ఎప్పుడో ఉంది. చివరి మూడు పటాలకు కావలసిన సమాచారం మాత్రం రాజధానుల్లో దొరకదు, గ్రామాల్లోనే దొరుకుతుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి; ఏ గుట్ట మీద ఏ గడ్డి పెరుగుతుంది, ఏ వంక ఏ చెరువుకు చేరుతుంది, ఏ నెలలో ఎవరి మందలు ఎటు నడుస్తాయి అన్నవి రాయదగిన చోటు అదే. సౌర, పవన కంపెనీల సర్వే బృందాలు ఊరికి రాకముందే ఆ రిజిస్టరును గ్రామసభ ముందు పెట్టి పూర్తి చేయించవలసిన బాధ్యత పంచాయతీలది. అది చూడకుండా బంజరు భూమిని కేటాయించబోమని ప్రకటించవలసిన బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలది. తమ ఊరి రిజిస్టరు ఉందా, ఉంటే అందులో బీడు గురించి ఏమి రాశారని అడగవలసింది మాత్రం ఆ ఊరి పాఠకులే.